ఢిల్లీ బండి, నాగపూర్ టైర్లు, ఆర్మూర్ నిమ్మకాయలు

మొదటి రోజు: ఢిల్లీ

శంషాబాద్ చెకిన్ కౌంటర్‌లో మా బామ్మర్ది బ్యాగు తెరిపించారు. ఒక జత బట్టలు, స్పానర్ల సెట్టు, టార్చి, బండి లోపలి కంప్యూటర్లు చదివే ఓబీడీ స్కానర్, కింద పరుచుకోడానికి ఓ పాత గోనె సంచి. ఇవన్నీ ఎందుకని అడిగితే, "బండి చూడ్డానికి పోతున్నం మేడం" అన్నాడు, పెళ్లిచూపులకు పోతున్నంత సీరియస్‌గా. వాడికి కూకట్‌పల్లిలో మెకానిక్ షెడ్డు ఉంది. నాకు బండి తోలడం, ఈఎంఐలు కట్టడం తప్ప ఇంకేం రాదు. అందుకే వాణ్ణి వెంటపెట్టుకుని పోయాను.

పాత బండికి ఢిల్లీయే ఎందుకంటే, అప్పట్లో అక్కడ డీజిల్ బండికి ఆయుష్షు పదేళ్లే. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ, ఆ చుట్టుపక్కల తిరగకూడదని చెప్పింది. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. పెట్రోల్‌కైతే పదిహేనేళ్లు. దాంతో తొమ్మిదేళ్లు నిండిన పెద్ద డీజిల్ ఎస్‌యూవీ అంటే అక్కడివాళ్లకు డేటు అయిపోవచ్చిన పాల ప్యాకెట్. మనకేమో అది ఇంకో ఐదారేళ్లు తిరిగే బండి.

మేం మాట్లాడుకున్నది 2015 ఆగస్టులో రిజిస్టర్ అయిన జర్మన్ బండి. కంపెనీ పేరు రాయను. రాస్తే ఆ కంపెనీ అభిమానులు ఒకపక్క, పక్క కంపెనీ అభిమానులు ఒకపక్క చేరతారు, అసలు కథ పోతుంది. మూడు లీటర్ల వి6 డీజిల్, ఏడు సీట్లు, స్ప్రింగులకు బదులు గాలి బుంగల సస్పెన్షన్, తల మీద ఇంటి పైకప్పంత అద్దం. కొత్తలో రోడ్డు మీదికి వచ్చేసరికి అరవై లక్షలు దాటింది. 2025 ఫిబ్రవరిలో మాకు చెప్పిన ధర 9 లక్షల 40 వేలు. అదే ఏడాది బండి, హైదరాబాద్ నంబరుతో, మా దగ్గర పదహారుకు తక్కువ లేదు.

నెల ముందే టోకెన్ ఇచ్చి, ఓనర్ చేత ఎన్ఓసీ (బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఏ ఇచ్చే కాగితం) పెట్టించాం. అది మన ఆర్టీఏ ఆఫీసు పేరు మీదే రావాలి. వేరే రాష్ట్రం పేరుతో తీసిన ఎన్ఓసీ చేతిలో పెట్టి బండి అంటగట్టేవాళ్లు ఉంటారు. దానికి ముందు పాత చలాన్లన్నీ కట్టాలి, లోను ఉంటే బ్యాంకు నుంచి తీరిపోయినట్టు కాగితం తెచ్చి ఆర్సీలో కొట్టేయించాలి. ఈయనవి పద్నాలుగు చలాన్లు. పన్నెండు స్పీడువే.

మధ్యాహ్నం ఖాళీ ఉంటే, ఊరికే చూద్దామని కరోల్ బాగ్ పోయాం. ఒక బ్రోకర్ ఇలాంటి బండే ఇంకొకటి, లక్ష తక్కువకు ఇస్తానన్నాడు. తళతళ మెరుస్తోంది. నేను సీట్లో కూర్చుని స్టీరింగ్ నిమురుతున్నా. మా వాడు ఏమీ మాట్లాడకుండా వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. బెల్టు రోజూ బయట కనిపించే భాగం శుభ్రంగానే ఉంది. ఎప్పుడూ చుట్టలోనే ఉండే చివరి జానెడు మాత్రం ఇటుక రంగులో గట్టిపడిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని నాకూ చూపించాడు. చెరువు వాసన. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు వచ్చింది, అంత ఎత్తు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆ నీళ్లు ఏ ఇళ్ల ముందు పార్క్ చేసిన ఏ బండ్లలోకి వెళ్లాయో ఆ బెల్టులే చెబుతాయి. "సీటు కవరు మారుస్తరు, కార్పెట్ మారుస్తరు. బెల్టు ఎవడు మారుస్తడు బావా" అన్నాడు. టీ తాగి వచ్చేశాం.

సాయంత్రం దక్షిణ ఢిల్లీలో ఓనర్ ఇంటికి. రిటైరైన పెద్దాయన. భార్య పోయారు, పిల్లలు బయట ఉన్నారు. నల్ల బండి, గేటు లోపల, తులసికోట పక్కన. సర్వీసు బిల్లులన్నీ తేదీల వారీగా ఫైలులో కుట్టి పెట్టాడు. మీటరు 1,04,000. స్కానర్ పెట్టి చూస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో కూడా అంతే ఉంది. మీటర్ తిప్పేవాళ్లు డాష్‌బోర్డు మీద అంకె మారుస్తారు గానీ, లోపల ఇంకో రెండు మూడు చోట్ల కూర్చున్న లెక్క చాలాసార్లు మర్చిపోతారు.

ఒక్కటే నచ్చలేదు. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని రెండుసార్లు ఫోన్లో చెప్పాం. వెళ్లేసరికి బానెట్ మీద చెయ్యి ఆనడం లేదు. "బావా, వేడిగుంది" అన్నాడు మావాడు మెల్లగా. ఆయనేమో పాలు తేవడానికి వెళ్లొచ్చానన్నాడు. పాల బూత్ ఆయన గేటులోంచే కనిపిస్తోంది. చలి ఇంజన్‌లో చప్పుడో పొగో దాస్తున్నాడేమో అనుకున్నాం. ఆ రాత్రి తాళాలు మా దగ్గరే పెట్టుకుని, పొద్దున ఆరింటికి వెళ్లి మేమే స్టార్ట్ చేశాం. చీకట్లో, చలికి వణుకుతూ, నిలబడి ఇంజన్ ఒక్కటే విన్నాం. చప్పుడు లేదు, పొగ లేదు. పట్టు మీద చెయ్యి తిప్పినట్టుంది. సంతకాలు పెట్టేశాం.

రెండో రోజు: ఢిల్లీ నుంచి ఝాన్సీ

డీజిల్ అప్పుడు అక్కడ 88 లోపే. ట్యాంకు నిండా పోయిస్తే ఏడు వేలు దాటింది. మా వాడు జేబులోంచి పావలా నోట్‌బుక్ తీసి 'బండి' అని ఒక పేజీ మొదలుపెట్టాడు.

ఫాస్టాగ్ సంగతి ముందు ఆలోచించలేదు. కొత్త ట్యాగు కావాలంటే ఆర్సీ నా పేరు మీదికి రావాలి. అందుకని పెద్దాయన ట్యాగే ఉంచేసి, అందులో నేను డబ్బులేశా. దాని ఫలితం జేవర్ టోల్ దాటగానే తెలిసింది. ఫోన్ మోగింది. "బేటా, జేవర్ దాటారా?" మెసేజ్ ఆయన ఫోన్‌కే పోతుంది కదా. మథుర టోల్ దగ్గర మళ్లీ. ఆగ్రా దగ్గర మళ్లీ. "ఎనభై మీదే పొండి, దానికి తొందరెక్కువ" అన్నాడు. పన్నెండు స్పీడు చలాన్లు కట్టిన మనిషి!

నిజంగానే దానికి తొందరెక్కువ. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద కాలు ఊరికే ఆనించానంతే, వంద దాటినట్టే తెలియలేదు. బయట గాలి చప్పుడు లేదు. వెనక సీట్లో పెట్టిన నీళ్ల సీసా కదల్లేదు. నేను పదేళ్లుగా తోలుతున్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. ఇలాంటి బండి గురించి చదివిందంతా ఒక ఎత్తు, ఆ మెత్తదనం నడుముకు తగలడం ఒక ఎత్తు. అప్పుల గురించి ఆ రెండు గంటలూ ఒక్క ఆలోచన రాలేదు.

ధోల్‌పూర్ దాటాక చంబల్ వంతెన. రెండు పక్కలా వాన కోసేసిన మట్టి లోయలు, కేకు ముక్కలు ఎవరో పిచ్చిగా కోసినట్టు. నీళ్లు మాత్రం ఎంత శుభ్రంగా ఉన్నాయో. గ్వాలియర్ కోట రోడ్డు మీంచే చూసి సరిపెట్టుకున్నాం. చీకటి పడేసరికి ఝాన్సీ.

మూడో రోజు: ఝాన్సీ నుంచి సివనీ

పొద్దున లాడ్జి ముందు బండి కుడివైపు ముందు కాలు మడుచుకుని కూర్చుంది, ఎద్దు లేవబోతూ ఆగినట్టు. ఎడమ వైపు టైరుకూ పైన రేకుకూ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి. కుడి వైపు ఒకటిన్నర.

మా వాడికి అర్థమైపోయింది. ఎదురు కిరాణా కొట్టులో రూపాయి షాంపూ ప్యాకెట్ కొన్నాడు. నీళ్ల సీసాలో కలిపి, మూతకు మేకుతో చిల్లు పెట్టాడు. గోనె పరుచుకుని చక్రం వెనక్కి తలపెట్టి, నన్ను ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. లోపల కంప్రెసర్ గుర్రుమంది, బండి మెల్లగా లేచింది. అప్పుడు ఆ గాలి బుంగ మీద షాంపూ నీళ్లు చల్లాడు. టార్చి వెలుగులో నాకూ చూపించాడు. రబ్బరు మడత పడేచోట, గోరంత మేర, బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. చిన్నపిల్ల నోటి నుంచి ఉమ్ము బుడగల్లా, తాపీగా.

"ఇప్పుడు తెలిసింది బావా, ఆయన బండెందుకు స్టార్ట్ చేసి పెట్టిండో" అన్నాడు కింద నుంచే.

ఇంజన్ కోసం కాదు. బండి లేచి నిలబడడం కోసం. పొద్దున మేం వెళ్లినప్పుడు కూడా అది ఒరిగే ఉండి ఉంటుంది, మేం చీకట్లో చెవులు రిక్కించాం గానీ కళ్లు పెట్టలేదు. మెకానిక్ అయిన వాడికి ఇది ఎక్కువ గుచ్చుకుంది. గంటసేపు నాతో మాట్లాడలేదు.

ఈ గాలి బుంగ ఏ కంపెనీదైనా రబ్బరే. ఎండకు, చలికి, వయసుకు మడతల దగ్గర పగులుతుంది. బుంగ కారడం పెద్ద ప్రమాదం కాదు. కారిన గాలి నింపడానికి కంప్రెసర్ రోజంతా పనిచేసి అది కాలిపోతే అప్పుడు ఖర్చు. ఒకటి మార్చడంతో పోయేది రెండవుతుంది. వాడు నోట్‌బుక్‌లో 'కు.ము. బుంగ' అని రాసి, పక్కన అంకె వేయకుండా ప్రశ్నార్థకం పెట్టాడు.

లలిత్‌పూర్ దాటాం. సాగర్ ఇంకా ముందుంది అనగా రోడ్డు పనులు జరిగే చోట గుంత. లారీ వెనక వస్తున్నా, కనపడలేదు. దభీమంది. దిగి చూస్తే రిమ్ము బాగానే ఉంది గానీ, టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. ఢిల్లీలోనే టైర్ల మీద అంకెలు చూశాం: 2617. అంటే 2017లో 26వ వారం తయారీ. గాళ్లు లోతుగానే ఉన్నాయి, కానీ రబ్బరు దాదాపు ఎనిమిదేళ్లది. ఈ టైర్లు వేయించాక పెద్దాయన ఏడాదికి ఐదు వేల కిలోమీటర్లు కూడా తిప్పలేదు. అరగని టైరు కొత్త టైరని మనకో నమ్మకం.

స్టెప్నీ తీశాం. అది పూర్తి టైరు కాదు. సన్నగా, మోటర్‌సైకిల్‌కు పెద్దన్నలా ఉంది. మీద పసుపు స్టిక్కర్: 80 దాటొద్దు. అరవై లక్షల బండి, ఏనుగుకు మేక కాలు అతికించినట్టు నిలబడింది. పక్కన శనగ చేలో పిల్లలు పని ఆపేసి వచ్చి నవ్వుకున్నారు. నేనూ నవ్వా. మా వాడు నవ్వలేదు.

సాగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగాం. ట్రాక్టర్ టైర్లున్నాయి, లారీవి ఉన్నాయి, ఇరవై అంగుళాల ఎస్‌యూవీ సైజు చెబితే ఒకాయన టీ ఇప్పించి సానుభూతి చూపించాడు. తెప్పించాలంటే రెండు రోజులు. నాగపూర్‌లోనే దొరుకుతుందన్నాడు. ఇలాంటి బండి కొనేవాళ్లు షోరూం ఎంత దూరమో చూస్తారు. టైరు ఎంత దూరమో కూడా చూసుకోవాలి.

అరవై స్పీడులో, ఎడమ లేను పట్టుకుని, ట్రాక్టర్లతో పోటీపడుతూ దిగాం. బర్మాన్ దగ్గర నర్మద. వంతెన దాటుతూ వాడు కిటికీ దించి రూపాయి బిళ్ల విసిరాడు. పొద్దున్నుంచి వాడు చేసిన మొదటి సరదా పని అదే.

లఖ్‌నాదౌన్ దగ్గర జబల్‌పూర్ రోడ్డు వచ్చి కలుస్తుంది. అక్కడి నుంచి రోడ్డంతా మనవాళ్లే. మహాకుంభమేళా రోజులు కదా. ప్రయాగ్‌రాజ్ నుంచి తిరిగొస్తున్న టీజీ, ఏపీ నంబర్లు వరస కట్టాయి. టీ కొట్టు దగ్గర ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం గంగ నీళ్ల క్యాన్లు సర్దుకుంటోంది. వాళ్లాయన మా బండి చుట్టూ తిరిగి, "మస్తుందన్నా, ఎంత?" అన్నాడు. చెప్పా. కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత స్టెప్నీ చూశాడు. ఇంకేం అడగలేదు.

నాలుగో రోజు: నాగపూర్

సివనీ నుంచి నాగపూర్ దారిలో పెంచ్ అడవి. కొన్నిచోట్ల రోడ్డునే వందల మీటర్ల పొడవున ఎత్తి కట్టారు, కింద నుంచి పులులు, జింకలు అటూఇటూ పోవడానికి. లైట్లు, హారన్ల చప్పుడు అడవిలోకి పోకుండా పక్కన గోడలు. మాకు ఒక్క కోతి కనపడలేదు. పులి పైకి రాకుండా కట్టిన రోడ్డు మీద పులి కోసం చూడటం మా తెలివి.

నాగపూర్‌లో తర్రీ పోహా తిని టైర్ల కొట్టుకు పోయాం. ఒకటి మారిస్తే చాలదా అన్నా. కుదరదట. నాలుగు చక్రాలకూ శక్తి పోయే బండికి ఒక టైరు కొత్తది, మూడు పాతవి అయితే చుట్టుకొలత తేడా వచ్చి మధ్యలో ఉండి ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ అరుగుతుంది. నాలుగూ కలిపి 86 వేలు. నా చిన్న కారుకు నాలుగు టైర్లు పద్దెనిమిది వేలకు వేయించా మొన్ననే. బిల్లు చూసి మా ఆవిడకు ఫోన్ చేద్దామనుకుని, మళ్లీ మానేశా. "అక్కకు నేను చెప్ప" అన్నాడు బామ్మర్ది ముందుజాగ్రత్తగా.

ఆ రోజంతా అక్కడే అయిపోయింది. పెద్దాయన సాయంత్రం ఫోన్ చేశాడు. "మధ్యాహ్నం నుంచి మెసేజ్ లేదు, బాగున్నారా?" బుంగ సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆ గొంతులో నిజమైన కంగారు ఉంది. టైర్లు మారుస్తున్నామని మాత్రం చెప్పా. "మంచి పని చేశారు బేటా, నేనే మార్చాల్సింది" అన్నాడు.

ఐదో రోజు: నాగపూర్ నుంచి ఆర్మూర్

కొత్త టైర్లతో బండి మళ్లీ మొదటి రోజు బండి అయింది. కంప్రెసర్ పొద్దున ఎక్కువసేపు గుర్రుమన్నా, దారిలో ఇబ్బంది పెట్టలేదు. హింగణ్‌ఘాట్, పాండర్‌కవడా పత్తి లారీల మధ్య దాటిపోయాం. హైవే మీద లీటరుకు పదకొండు ఇచ్చింది. సిటీలో ఏడంటే గొప్ప అని మా వాడు ముందే చెప్పాడు, నన్ను సంతోషపడనివ్వకుండా.

పెన్‌గంగ వంతెన దాటగానే మొదటి తెలుగు బోర్డు. ఆరు రాష్ట్రాలు తిరిగి వచ్చినట్టు ఇద్దరం గట్టిగా చదివాం: ఆదిలాబాద్. డీజిల్ రేటు కూడా మనదే, 95 దాటింది. గాంజాల్ టోల్ దగ్గర పెద్దాయన, "ఇప్పుడు మీ ఊరికెంత దూరం?" అన్నాడు. సోన్ దగ్గర గోదావరి. అక్కడ వాడు రెండు రూపాయలు వేశాడు.

అత్తగారిల్లు ఆర్మూర్. అంకాపూర్ నాటుకోడి ఆర్డర్ చేసి ఉంచారు. ఇంటి ముందు ఆపగానే వాడకట్టు పిల్లలంతా చేరారు. అత్తమ్మ గడపలో నిలబడే బండిని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఏం బిడ్డా, ఇంత పెద్దదెందుకు? ఇంట్ల ఉన్నదే నలుగురు."

"చవగ్గా వచ్చింది అత్తమ్మా."

"చవగ్గనా? మరి వాడెందుకు అమ్మిండు?"

దానికి జవాబుగా ట్రైబ్యునల్, సుప్రీంకోర్టు అన్నీ చెప్పా. ఆమె నాలుగు నిమ్మకాయలు తెచ్చి నాలుగు చక్రాల కింద పెట్టింది. తొక్కించమంది. మూడు చితికాయి. కుడి ముందుది పక్కకు దొర్లిపోయింది. మా వాడు నా మొహం చూశాడు.

ఆరో రోజు: హైదరాబాద్

ఇందల్వాయి, భిక్నూర్, మనోహరాబాద్. మూడు టోళ్లు, మూడు ఫోన్లు. మధ్యాహ్నానికి మేడ్చల్ దాటి ఇంట్లో ఉన్నాం. నేరుగా ఎన్ఓసీ, పేరు మార్పిడి ఫారాలు 29, 30, ఇన్సూరెన్స్ పట్టుకుని ట్యాక్స్ లెక్క వేయించుకోడానికి పోయా.

ఇక్కడ కొంచెం ఆగాలి. వేరే రాష్ట్రం బండికి మన దగ్గర లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలని నాకు తెలుసు. వయసును బట్టి శాతం తగ్గుతుందనీ తెలుసు. ఆ శాతం నేను కొన్న 9 లక్షల 40 వేల మీద అనుకున్నా. కాదు. బండి కొత్తలో ఎంత ధరో దాని మీద. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు అంకె చెప్పి, నేను విననట్టు ఉన్నానని కాగితం మీద రాసి చూపించాడు. నేను బండికి ఇచ్చిన దాంట్లో సగం కంటే బాగా ఎక్కువ. ఢిల్లీలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన భాగం వాపసుకు ఓనర్ అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి, వచ్చినా పదేళ్ల బండికి మిగిలేది కొంచెమే.

బయటికి వచ్చి బామ్మర్ది నోట్‌బుక్ అడిగా. బండి, ఫ్లైటు, టైర్లు, డీజిల్, టోళ్లు, ట్యాక్స్. హైదరాబాద్ నంబరు బండికి అడిగిన పదహారు లక్షలను ప్రశ్నార్థకం దగ్గరికి రాకముందే దాటేసింది.

నెలన్నరకు టీజీ నంబరు వచ్చింది, నా పేరుతో కొత్త ఫాస్టాగ్ వచ్చింది, పాతది గీకి తీసేశాం. ఆ తర్వాత వారానికి పెద్దాయన ఫోన్. మెసేజ్‌లు రావడం లేదు, బండి ఎక్కడికీ పోవట్లేదా అని.

షెడ్డులో ఉంది సార్, కుడివైపు ముందు గాలి బుంగ మారుస్తున్నాం అన్నాను.

"అవును బేటా," అన్నాడు, కొంచెం ఆగి. "అది రెండేళ్లుగా అంతే."